లెక్కల టీచర్ కోపం

మొన్న ఆదివారం వరంగల్లులో మా లెక్కల టీచర్ సంతాపసభ జరిగింది. నేను చదివిన బడి వరండాలోనే పెట్టారు. బల్ల మీద ఫొటో, ఫొటోకు బంతిపూల దండ. మైకు ముందుకొచ్చిన మూడో మనిషి మా బాపు. గొంతు సవరించుకుని, "ఆమె శాంతమూర్తి. జీవితంలో ఎవరినీ నొప్పించి ఎరుగదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ తరవాత మాట్లాడవలసింది నేనే. లేచి బయటికి నడిచాను. మైకులో నా పేరు రెండుసార్లు పిలవడం గేటు దాటుతుంటే వినబడింది.

ఆమె శాంతమూర్తి కాదు. నా ఇరవయ్యారేళ్ల బతుకులో అంత కోపిష్ఠి మనిషిని నేను చూడలేదు. ఆ కోపం రోజుకొకసారైనా లేచేది, లేచిన ప్రతిసారీ దానికి సరైన కారణం ఉండేది. ఆ కారణాల్లో ఒకటి మా బాపు. ఇంకొకటి నేను.

ఆమె పేరు ఇక్కడ రాయను. సభలో ఆ పేరును ఏయే నోళ్లు పలికాయో విన్నాక నాకు రాయబుద్ధి కావడం లేదు. మేమంతా టీచర్ అనే పిలిచేవాళ్లం. అది చాలు.

పొట్టి మనిషి. రఘునాథపల్లి వైపు ఏదో పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటినుంచి వచ్చింది. నేత చీర కొంగు నడుముకు దోపుకుని, పొలం గట్టు మీద నడిచినట్టు చకచకా నడిచేది. కొత్త సుద్దముక్క చేతికిస్తే ముందు సగానికి విరిచేది. నిండు సుద్దముక్క బోర్డు మీద కీచుమంటుందని. మందపాటి కళ్లద్దాలు. కోపం వస్తే వాటిని తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టేది. అద్దాలు లేకపోతే ఆమెకు ఎదుటి మనిషి మొహం ఆనదు. మొహం చూస్తే జాలి పుడుతుందని అలా తీసేస్తుందని మేం అనుకునేవాళ్లం. అద్దాలు చేతిలోకి వచ్చాయంటే హెడ్‌మిస్ట్రెస్ కూడా ఒక అడుగు వెనక్కి వేసేది.

లెక్క తప్పు చేసిన పిల్ల మీద మాత్రం ఆమెకు ఎన్నడూ కోపం రాలేదు. తప్పు లెక్కను తుడవబోతే చెయ్యి పట్టుకునేది. "ఉండనియ్యి. ఏ మెట్టు కాడ జారినవో సూసుకో" అనేది. ఆమెకు పడనిది ఒక్కటే మాట, 'తెలివైన పిల్ల'. ఎవరు ఎవరిని అలా అన్నా సరే, "ఏ లెక్క చేసింది?" అని అడిగేది. ఒకసారి చౌరస్తాలో పెద్ద బట్టల దుకాణమున్న ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, "మా పిల్ల మస్తు తెలివైనది టీచరమ్మా, జర సూసుకోండ్రి" అన్నాడు.

"ఏ లెక్క చేసింది?"

"లెక్కంటే... పాటలు మస్తు పాడతది."

"మంచిగున్నది. అయితే పాటల టీచర్ దగ్గరికి తోల్కపోండ్రి. ఇక్కడెందుకు తెచ్చిండ్రు?"

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏట పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. డెబ్బైల నడిమి రోజులు. సర్కారు బడుల్లో ప్రతిభ ఉన్న పిల్లల్ని ఏరి, వాళ్లకు వేరే తరగతి పెట్టి, మంచి చదువు చెప్పి, ప్రతిభా పరీక్షకు తయారు చెయ్యాలట. ఒక్కో బడి నుంచి ముగ్గురి పేర్లు పంపాలి. పరీక్షలో నెగ్గిన పిల్లలు హైదరాబాదు దగ్గర హాస్టలున్న మంచి బడిలో, పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. మా బడిలో ఇరవై మందిని ఏరారు. ఫ్యానున్న గది మాకిచ్చారు. కొత్త బోర్డు, కొత్త బెంచీలు. లైబ్రరీ తాళంచెవి మా గదిలోనే మేకుకు వేలాడేది. మిగతా సెక్షన్ల పిల్లలు రేకుల షెడ్డులో కింద కూర్చునేవాళ్లు.

ఎలా ఏరారో చెప్పాలి. హెడ్‌మిస్ట్రెస్ తన గదిలో కూర్చుని రాసింది. వకీళ్ల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు, దుకాణాల వాళ్ల పిల్లలు. ఆ ఇరవై మందిలో నేనూ ఉన్నాను. ప్రతిభా పరీక్ష దరఖాస్తులు చూసే ఆఫీసులో మా బాపు క్లర్కు. అదే నా ప్రతిభ.

లెక్కలు చెప్పే పని టీచర్‌కు పడింది. మొదటిరోజు గదిలోకి వచ్చి, మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూసి, బయటికి పోయింది. షెడ్డులో పిల్లల్ని లేపి వరండాలోకి తెచ్చింది. మమ్మల్ని కూడా బయటికి రమ్మంది. నాలుగు సెక్షన్లూ ఒకేచోట కింద కూర్చున్నాం.

"ఒకటి నుంచి వంద దాక అంకెలు రాస్తే, తొమ్మిది ఎన్నిసార్లు రాయవలసి వస్తది? కాయిదాలు తీయొద్దు. మనసుల చెయ్యండ్రి."

నేను పది అన్నాను. ఒక వకీలు గారి అమ్మాయి పదకొండు అంది. వెనకనుంచి ఒక పిల్ల చెయ్యెత్తింది. పొడుగు చేతులు, నూనె లేని జుట్టు, వేళ్ల నిండా నూలు రంగు.

"ఇరవై టీచర్. వెయ్యి దాకైతే మూడు వందలు."

వెయ్యి దాకా ఎవరూ అడగలేదు. టీచర్ ఆమె దగ్గరికి పోయి ముందు గొంతుక్కూర్చుంది.

"ఎట్ల చేసినవ్ బిడ్డా?"

"వందకు ఇరవై. అసొంటి వందలు పది. రెండు వందలైనయ్. తొమ్మిది వందల కాడికి వచ్చినంక ముందట ఇంకో తొమ్మిది పడతది కద. అది ఒక వంద."

ఆ పిల్ల పేరు రాజమణి. సి సెక్షన్. కొత్తవాడలో షత్రంజీలు, అవే జంపఖానాలు, నేసే ఇల్లు. పొద్దున తల్లితో కూర్చుని నూలు కండెలు చుట్టి వచ్చేది కాబట్టి రోజూ మొదటి గంటకు అందేది కాదు. అందుకని హాజరు పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా 'మందకొడి' అని రాసి ఉండేదట. టీచర్ ఆ మాట చదివి అద్దాలు తీసింది.

ఆ మధ్యాహ్నమే రాజమణిని చెయ్యి పట్టుకుని మా గదికి తెచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ వెనకే వచ్చింది. "ఇరవై మందికే బెంచీలున్నయ్ టీచర్. ఇంకొక పిల్లకు జాగా లేదు" అంది.

టీచర్ తన కుర్చీని ఈడ్చి బెంచీల వరస చివర వేసింది. దాని మీద రాజమణిని కూర్చోబెట్టింది. "ఇగో, ఉన్నది జాగా" అంది.

ఇంకో కుర్చీ అడగలేదు. వాళ్లు ఇవ్వలేదు. ఆ సంవత్సరమంతా ఆమె నిలబడే పాఠం చెప్పింది. మధ్యాహ్నానికి మడమలు వాచేవి. చెప్పులు విడిచి, ఒక కాలు గోడకు ఆనించి, బోర్డు మీద రాసేది. ఆ రోజుల్లో నాకది వింతగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే పళ్లు నూరుకోవాలనిపిస్తుంది. ఇరవై ఒక్క మంది పిల్లలున్న గదికి ఇంకో కుర్చీ దొరకని బడా అది? హెడ్‌మిస్ట్రెస్ గదిలో వచ్చేపోయేవాళ్ల కోసం ఆరు ఖాళీ కుర్చీలుండేవి.

ముగ్గురి పేర్లు పంపే సమయం వచ్చింది. టీచర్ తన పరీక్షల్లో వచ్చిన మార్కుల ప్రకారం వరస రాసింది. మొదట రాజమణి. నాది నాలుగోది. ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఆమె దగ్గర చదివాక నాకు లెక్కలు బాగానే వచ్చాయి, కానీ నాలుగోదాన్నే.

వారానికి రాజమణి దరఖాస్తు ఆఫీసు నుంచి వాపసు వచ్చింది. బడి రిజిస్టరు ప్రకారం ఆమె వయసు ఎక్కువట. పరీక్షకు పదమూడేళ్లు దాటకూడదు.

ఆ వయసు ఎక్కడినుంచి వచ్చిందో టీచర్ కొత్తవాడకు పోయి తెలుసుకుంది. రాజమణిని చిన్నబడిలో వేసిన రోజు తల్లి, "మృగశిర నాడు పుట్టింది సారూ" అని చెప్పిందట. ఆ సారు వినలేదు. కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవికి అందుతుందేమో చూశాడు. అందింది. ఆరేళ్లు అని రాసుకున్నాడు. చేతులు పొడుగైనందుకు ఆ పిల్లకు రెండేళ్లు వయసు పెరిగింది.

టీచర్ ప్రసూతి దవాఖాన చుట్టూ పది రోజులు తిరిగింది. పాత పుస్తకాల్లో మృగశిర నాడు పుట్టిన ఆడపిల్లనూ, తండ్రి పేరునూ, కొత్తవాడనూ పట్టుకుంది. కాగితం మీద ముద్ర వేయించుకుని దరఖాస్తుకు జతచేసి మళ్లీ పంపింది. మళ్లీ వాపసు వచ్చింది. రిజిస్టరులో ఒకసారి రాసిన పుట్టినతేదీని మార్చే వీల్లేదని దాని మీద ఎర్రసిరాతో రాసి ఉంది. అది మా బాపు దస్తూరి. ఆ ఎర్రసిరా మా ఇంట్లో కిటికీ మీద ఉండేది.

రాజమణి పేరు పోతే మూడో పేరుగా నాది ఎక్కుతుంది. కానీ నాక్కూడా వయసు దాటింది. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు వస్తున్నాయి. 'మీ తాత పోయిన ఏడు పుట్టినవ్' అని మా నాయనమ్మ అంటూ ఉండేది. ఆ నెలలోనే ఒకరోజు బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త పుట్టినతేదీ ఒకటి నేర్పాడు. పద్యం అప్పజెప్పించుకున్నట్టు మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు.

ఒక సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చింది. చీర అంచంతా దుమ్ము. బాపు గబగబా లేచి చాప పరిచాడు.

"రండ్రి టీచరమ్మా, కూసోండ్రి. చాయ్ పెట్టమంట."

"కూసోను సార్. నాకు నిలబడుడే అలవాటైంది. రాజమణి దవాఖాన కాగితం సూసిండ్రా?"

"సూసినమ్మా. పాపం, మంచి పిల్లేనట. కని రూలు ఒప్పదు. నా చేతుల ఏమున్నది?"

"రూలు అందరికా సార్, కొందరికా?"

"అదేం మాట. అందరికి."

"మరి మీ బిడ్డ తారీఖు మీద బ్లేడు ఎందుకు పడ్డది? రాజమణి పేజీ కోసం రిజిస్టరు తిప్పుతాంటే కనబడ్డది. గీకినకాడ కాయిదం పలుచబడి అవతలి పేజీ కనబడతాంది. దాని మీద కొత్త సిరా."

బాపు మొహం మాడిపోయింది. "అది రాతల తప్పు పడ్డది. దిద్దినం" అన్నాడు మెల్లగా.

నేను అప్పుడే మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాను. టీచర్ నా వైపు తిరిగింది.

"బిడ్డా, నువ్వు ఎప్పుడు పుట్టినవ్?"

బాపు నన్నే చూస్తున్నాడు. లోపలి గదిలో నాయనమ్మ దగ్గుతోంది. ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. నేను నేర్చుకున్న తేదీ, నెల, సంవత్సరం తడబడకుండా అప్పజెప్పాను.

ఆమె అద్దాలు తియ్యలేదు. అద్దాలతోనే నన్ను నిండా చూసింది. ఆ చూపు ముందు తిట్టు ఎంత మేలో నాకు ఆ రోజు తెలిసింది. నీళ్లు ముట్టకుండా పోయిందని రాస్తే బాగుంటుంది గాని, అది అబద్ధం. తాగింది. కొత్తవాడ నుంచి నడిచి వచ్చింది, దప్పికైంది. ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తరవాత పైఅధికారికి అర్జీ రాసింది. రెండోది రాసింది. ఎమర్జెన్సీ రోజులు. పక్కన సంతకం పెట్టడానికి తోటి టీచర్ ఒక్కరూ రాలేదు. మొన్న సభలో కళ్లు తుడుచుకున్నది వాళ్లే. మూడో అర్జీకి జవాబుగా బదిలీ కాగితం వచ్చింది. పైవాళ్లను దూషించినందుకు, ఏటూరునాగారం అవతల అడవిలో ఉన్న బడికి. ఆమె పోయిన మర్నాడే ఆ కుర్చీని హెడ్‌మిస్ట్రెస్ గదికి చేర్చారు. రాజమణి తన సంచీ తీసుకుని షెడ్డులోకి పోయి కూర్చుంది. తొమ్మిదిలో బడి మానేసింది. నేను పరీక్ష రాసి నెగ్గి, హైదరాబాదు పోయాను. ప్రతిభావంతురాలు అని ముద్ర ఉన్న కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

నేను మళ్లీ టీచర్‌ను చూసింది మూడేళ్ల కింద, హనుమకొండ బస్‌స్టాండులో. సన్నబడింది. జుట్టు సగం నెరిసింది. చేతిలో గుడ్డసంచీ. నేనే దగ్గరికి పోయి కాళ్లకు దండం పెట్టాను.

"టీచర్, ఇంజినీరింగు ఫస్టు క్లాసుల పాసైన. ఉద్యోగం వచ్చింది."

"మంచిది బిడ్డా. ఏ లెక్క చేసినవ్?"

నవ్వుతూ అడగలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర చెప్పడానికి లెక్క లేదు. నోట్లోకి ఇంకొకటి వచ్చింది.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పిన టీచర్."

"ఎరుకే" అంది. అప్పుడు అద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. నా మీద కోపమనుకున్నాను. "చిన్నపిల్లను కన్నతండ్రి ముందట నిలబెట్టి అడిగిన చూడు, అది నా తప్పు. నాకు అది రోజూ యాదికొస్తది."

రాజమణి సంగతి అడిగాను.

"నేతోళ్ల సొసైటీల పనిచేస్తాంది. షత్రంజీలకు కొత్త డిజైన్లు గళ్ల కాయిదం మీద ఆమెనే వేస్తది. పేరు మాత్రం అక్కడి డిజైన్ మాస్టరుది. నెలకొక లెక్క కార్డు మీద రాసి పంపుత. చేసి పంపుతది. మొన్న నాకే రాని లెక్క ఒకటి చేసింది." ఆ మాట అంటుంటే ఆమె మొహంలో కోపం కాసేపు పోయింది. మళ్లీ వచ్చింది. "నీ తారీఖు దిద్దిన సంగతి ఆమెకు నేను చెప్పలే. తన తారీఖు తప్పుపడ్డది, రూలు ఒప్పలే అని మాత్రమే ఎరుక. అది చెప్పవలసింది నువ్వు."

"చెప్త టీచర్."

"ఎప్పుడు?"

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా నా జవాబు కోసం చూసింది.

నేను చెప్పలేదు. బాపుకు ఇంకా సర్వీసుంది కదా అనుకున్నాను. నా సర్టిఫికెట్లన్నిటి మీదా ఆ తేదీయే ఉంది కదా అనుకున్నాను. బాపు కిందటేడు రిటైరయ్యాడు. అప్పుడూ చెప్పలేదు. పన్నెండేళ్లూ టీచర్ ప్రతి ఏటా వరంగల్లుకు బదిలీ అడిగింది. ప్రతి ఏటా ఖాళీ లేదన్నారు. అడవి జ్వరం తగిలి, దవాఖానకు తెచ్చేలోపే పోయింది. సంతాపసభకు మాత్రం వరంగల్లులో ఖాళీ దొరికింది.

సభ గేటు దాటి నేను తిన్నగా కొత్తవాడకు నడిచాను. రాజమణి ఇంట్లోనే ఉంది. కింద కూర్చుని గళ్ల కాగితం మీద చుక్కలు పెడుతోంది. పక్కన తల్లి కండెలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టడానికి రాజమణికి కాసేపు పట్టింది.

"టీచర్ పోయింది రాజమణీ."

ఆమెకు ఎవరూ కబురు చెప్పలేదు. "రెండు కార్డులు రాసిన. జవాబు రాలే. నా లెక్క తప్పైందేమో అనుకున్న" అంది. చేతిలో పెన్సిలు కాగితం మీదే ఆగిపోయింది.

ఆ తరవాత నేను చెప్పాను. బ్లేడు సంగతి, ఎర్రసిరా సంగతి, నీళ్ల గ్లాసు సంగతి. ఆమె తలెత్తకుండా విన్నది.

"అంటే తారీఖు దిద్దొచ్చు."

"దిద్దొచ్చు. నాది దిద్దిండ్రు."

"అంటే మా అమ్మ తప్పు కాదు." ఆమె తలెత్తి తల్లి వైపు చూసింది. "పుట్టిన తారీఖు సుత చెప్పరాలేదు నీకు, నా బతుకు ఆగం చేసినవ్ అని పన్నెండేండ్ల సంది అమ్మను తిడుతాన. అన్నం కాడ తిట్టిన. పండుగనాడు తిట్టిన."

నేను క్షమించమనబోయాను. చేత్తో ఆపింది.

"నాకు చెప్పుడైంది. ఇగ అమ్మకు చెప్పు."

తల్లికి మగ్గాల చప్పుడులో బతికి బతికి చెవులు పోయాయి. దగ్గరికి జరిగి చెప్పాను. "ఏంది బిడ్డా?" అంది. మళ్లీ చెప్పాను. వినబడలేదు.

"గట్టిగ చెప్పు" అంది రాజమణి. "నెమ్మదిగ చెప్తే ఆమెకు వినవడది."

అరిచి చెప్పాను. ఎదురింటి మగ్గం ఆగింది. ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చారు. రాజమణికి తేదీ దిద్దనియ్యలేదని, నాది దిద్దారని, టీచర్ అడిగితే నేను అబద్ధం చెప్పానని ఆ గల్లీ అంతా వినేలా అరిచాను.

తల్లి రాట్నం మీంచి చెయ్యి తీసింది.

"నేను మృగశిర అని సక్కంగనే చెప్పిన గద" అంది. తరవాత నన్ను అడిగింది. "నీ బాపుకు ఇదంత ఎరుకేనా?"

"ఎరుకే పెద్దమ్మా!"

"బతికే ఉన్నడా?"

"ఉన్నడు!"

"తోల్కరా పో."

ఇంటికి పోయి బాపుతో చెప్పాను. "ఎప్పటి ముచ్చట అది! ఇప్పుడెందుకే? నీ మంచికే చేసిన గద" అన్నాడు. ఆ రాత్రి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఉద్యోగానికి సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను. రోజూ పొద్దుగూకకముందు నేనొక్కదాన్నే కొత్తవాడకు పోతున్నాను. ఆమె రాట్నం ఆపి నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తుంది. "ఇయ్యాల రాలే పెద్దమ్మా" అని గట్టిగా అరుస్తాను.

"రేపు తోల్కరా" అంటుంది.